కరియకు నిద్రపట్టే చప్పుడు

ఆ రోజు పొద్దున జోగులమ్మ అనుకున్నది చిన్న పని. డిపో నుంచి కొడుకు రాగానే వేడినీళ్లు పెట్టాలి. రెండు జొన్నరొట్టెలు తినిపించాలి. కర్నూలు డాక్టరు ఇచ్చిన గాలి మిషను ముక్కుకు తగిలించి పడుకోబెట్టాలి. కుక్క లోపలికి పోకుండా గది తలుపు వేయాలి. ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు. అయినా ఆమె తెల్లవారకముందే లేచి, దేవుడి ముందు దీపం పెట్టి, ఏమేమి చెడిపోవచ్చో ఒక్కొక్కటే చెప్పుకుని, అవేవీ కాకుండా చూడమని మొక్కింది. కరెంటు షాకు చెప్పింది, పైపు పగలడం చెప్పింది, కొడుకు ముక్కు ఊడిరావడం కూడా చెప్పింది. కుక్క సంగతి చెప్పడం మాత్రం మరిచిపోయింది.

ఆమె కొడుకు నిరంజన్ గద్వాలలో బస్సు డ్రైవరు. ఎండలు ముదరకముందు ఒక మధ్యాహ్నం గట్టు అనే ఊరి నుంచి వస్తూ స్టీరింగు మీదే కునుకు తీశాడు. బస్సు రోడ్డు దిగి ఆముదపు చేనులోకి పోయి, దానంతటదే ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. ప్రయాణికుల్లో సగం మంది కూడా నిద్రలోనే ఉండడంతో, చేనులో ఉన్న సంగతి వాళ్లకు కొంతసేపటికి గానీ తెలియలేదు. కానీ డిపోవాళ్లు అతన్ని స్టీరింగు నుంచి దించి రాత్రిపూట బస్సులు కడిగే పనిలో పెట్టారు.

కర్నూలు డాక్టరు అతన్ని పరీక్షించి అసలు సంగతి చెప్పాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఎంతసేపు పడుకున్నా పడుకున్నట్టు కాదు. ఆ నిద్ర అప్పు తీర్చుకోవడానికే ఒళ్లు పగలు కునుకు తీస్తోంది. వాడి చూడమని ఆయన ఒక మిషను ఇచ్చి పంపాడు. అది ఇటుకంత ఉంటుంది. దానికో పైపు, పైపు చివర ముక్కుకు పెట్టుకునే తొడుగు. గొంతు మూసుకోకుండా అది గాలిని లోపలికి తోస్తూ ఉంటుంది. ఇంట్లో కుక్క ఉందా అని కూడా ఆయన అడిగాడు. ఉందంటే, వెంట్రుకలు చిక్కితే మిషను పాడవుతుంది, దాన్ని గదిలోకి రానీయొద్దన్నాడు.

డ్రైవర్లకు పాఠాలు చెప్పే పెద్ద డ్రైవరు కురుమూర్తి. నిరంజన్ సంగతి తేల్చే పని డిపోవాళ్లు ఆయనకు అప్పగించారు. ఆయన తేల్చిందీ ఒక్క మాటలోనే. "ఏదో ఒక దినం చెప్పకుండ మీ ఇంటికొస్త. నువ్వు పండుకున్నప్పుడు చూస్త. గురక లేకుంటె స్టీరింగు నీది. గురక ఉంటె బకీటు నీది."

అందుకే ఆ పొద్దున జోగులమ్మకు చేతులు ఆడలేదు. నిరంజన్ తొడుగు పెట్టుకున్నాడు, మిషను సన్నగా బుసకొట్టింది, కాసేపటికి అతను నిద్రపోయాడు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

ఆ నిశ్శబ్దం ఆమెకు కొత్త. ఇన్నేళ్లూ గోడకు ఇవతల పడుకుని, అవతల గురక వినబడితే కొడుకు ఉన్నాడని తెలుసుకునేది. ఇప్పుడు మనిషి మెదలకుండా, చప్పుడు లేకుండా, ముక్కుకు బొంగు తగిలించుకుని వెల్లకిలా పడి ఉన్నాడు. చూస్తే ఎట్లా ఉన్నాడో ఆ మాటను ఆమె మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. దగ్గరకు పోయి, రెండు వేళ్లతో తొడుగు అంచు లేపి చూసింది. గాలి ఒక్కసారిగా ఆమె మొహం మీద కొట్టింది. నిరంజన్ కళ్లు తెరిచాడు.

"ఏందమ్మ?"

"ఏం లేదు బిడ్డా. ఉన్నవో లేవో అని."

"ఉన్న. పండుకోనియ్యి."

ఆమె మళ్లీ లేపి చూసింది. ముందు గదిలో జాకెట్లు కుడుతున్న కోడలు సింధూజ కుట్టుమిషను ఆపి లేచి వచ్చింది.

"అత్తా, మాటిమాటికి నువ్వు తీసి చూసెటట్లయితె ఆ మిషనెందుకు? పక్కన కూసోని నువ్వే ఊదు."

"నీకేం తెల్వదు. ఆని ముక్కు చూడు, పచ్చగైంది."

"నువ్వు తొడుగును పసుపునీళ్లతోని కడిగితె పచ్చగ కాక ఎర్రగైతదా?"

జోగులమ్మ కొంగుతో ఆ పసుపు తుడవబోయింది. సరిగ్గా అప్పుడే బయట కరియ ఏడ్వడం మొదలుపెట్టింది.

కరియను నిరంజన్ రాయచూరు నుంచి తెచ్చాడు. పిల్లగా ఉన్నప్పుడు డ్రైవరు సీటు వెనక గోనెసంచిలో కూర్చోబెట్టి తెచ్చాడు. నల్లగా ఉంటుందని అక్కడివాళ్లే కన్నడంలో పెట్టిన పేరు అట్లాగే ఉండిపోయింది. వచ్చిన నాటి నుంచి అది నిరంజన్ మంచం కిందే పడుకునేది. దానికి ఒక్క చెడ్డ అలవాటు. ఉన్నట్టుండి మంచం మీదికెక్కి అతని రొమ్ము మీద కాళ్లు పెట్టి మొహం నాకేది. జోగులమ్మ చీపురు పట్టుకుని ఎన్నిసార్లు తరిమినా మానలేదు.

ఇప్పుడు తలుపు మూసి ఉంది. అది తలుపుకు చెవి ఆనించి విన్నది. లోపల గురక లేదు. తలుపు గీకింది. ఎవరూ తీయలేదు. మెల్లగా నడిచి వీధి గడప మీద కూర్చుని, మూతి ఆకాశానికి ఎత్తి గొంతు తీసింది.

కుక్క మొరగడం వేరు, ఏడ్వడం వేరు. మొరిగితే ఎవరో వచ్చినట్టు. ఏడిస్తే ఎవరో పోబోతున్నట్టు. అది ఏ దిక్కు మొహం పెట్టి ఏడిస్తే ఆ దిక్కు ఇంట్లో అని ఆ వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కరియ మొహం నేరుగా ఎదురింటి మీద ఉంది. ఆ ఇంట్లో బాలమణి మామ వెంకట్రాములు చలికాలం నుంచి ఆయాసంతో మంచం మీద ఉన్నాడు.

బాలమణి బయటికి వచ్చి కొంగు బిగించింది. "జోగులక్కా, మీ కుక్క మా ఇంటి దిక్కు చూసి ఏడుస్తుంది."

"నోరులేని జీవి. దానికేం తెలుసు బాలమణీ."

"దానికే తెలుస్తదంట. మా మామ లేచి కూసున్నడు. నాకోసమేనా అని అడుగుతుండు. ఏం చెప్పాలె నేను?"

జోగులమ్మ గడప దగ్గరికి ఉరికింది. ముసలాయనకు నిజంగా ఏమన్నా అయితే ఆ పాపం తమ గడపకే చుట్టుకుంటుంది. కరియను రెండు చేతులా ఎత్తి ఎడమవైపు తిప్పి కూర్చోబెట్టింది. అది ఏడుపు ఆపకుండానే తిరిగింది.

ఎడమవైపు ఇంటి లలితమ్మ గోడ మీదుగా తల పెట్టింది. ఆమె కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. "అటునుంచి తిప్పినవు, మంచిగనే ఉన్నది. ఇటు నా బిడ్డ నెలలు నిండి కూసున్నది. నీకు గీ దిక్కే దొరికిందా?"

కుడివైపు తిప్పింది. అటు రేషను దుకాణం. చక్కెర కోసం వరసలో నిలబడ్డవాళ్లు కుక్కను చూసి, తర్వాత ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వరసలో ముందున్న ముసలామె చక్కెర వద్దని ఇంటికి పోయింది. దుకాణం ఆయన చేతులు జోడించాడు.

ఇక మిగిలింది ఒక్కటే దిక్కు. జోగులమ్మ కుక్కను పూర్తిగా వెనక్కి తిప్పింది. కరియ ఇప్పుడు వీధికి వీపు పెట్టి, నిరంజన్ పడుకున్న గది వైపు చూస్తూ ఏడ్చింది.

"ఆఁ, ఇప్పుడు సరిగ్గ ఉన్నది" అని లలితమ్మ లోపలికి పోయింది. బాలమణి కూడా పోయింది. వాడంతటికీ ఊరట కలిగింది. జోగులమ్మ పరుగున పోయి మళ్లీ తొడుగు లేపి చూసింది.

ఆ సాయంత్రం ఆమె కొడుకు ముందు కూర్చుని తేల్చి చెప్పింది. "మిషనన్న తియ్యి, కుక్కనన్న తియ్యి. రెండు ఒక్క ఇంట్ల ఉండయి."

"మిషను తీస్తె జన్మంత బకీటే. కుక్కను నేను తియ్యను."

"మన్ననూరు అడవిల ఇడిసిపెట్టి రా. అన్ని జంతువులు లేవా, దానికీ జోడు దొరుకుతది."

"అక్కడ పులులున్నయమ్మ. తింటె నీకేమన్న మంచిగుంటదా? పులికి కుక్కరోగం తగిలితె ఫారెస్టోళ్లు నా మీద కేసు పెడతరు. స్టీరింగు పోయింది, ఇంక జైలు గూడ ఎందుకు?"

జోగులమ్మ జైలు మాట విన్న తర్వాత అడవి ఊసెత్తలేదు. ఆ రాత్రి పోలీసులు వచ్చినట్టు కలగన్నది.

తర్వాత రోజుల్లో వాడవాళ్లు ఒక సంగతి కనిపెట్టారు. ఎండాకాలం కావడంతో పగలు కరెంటు తీస్తున్నారు. కరెంటు పోగానే మిషను ఆగుతుంది. నిరంజన్ నిద్రమబ్బులోనే తొడుగు పీకేస్తాడు. గురక మొదలవుతుంది. ఆ గురక చెవిన పడగానే కరియ నోరు మూసి, గది తలుపు ముందు చుట్టచుట్టుకుని నిద్రపోతుంది. కరెంటు రాగానే గురక పోతుంది, ఏడుపు వస్తుంది. అప్పటిదాకా కరెంటు పోతే తిట్టుకునేవాళ్లు, ఇప్పుడు వస్తే తిట్టుకోసాగారు. బాలమణి అయితే స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ను కింద నుంచి పిలిచి, "అన్నా, ఇంకో గంట తియ్యరాదే" అని అడిగింది. అట్లాంటి కోరిక అతను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వినలేదు.

దీనికి ఉపాయం సింధూజే ఆలోచించింది. ఆమె పెళ్లిలో పెట్టిన టేపురికార్డరు అటకమీద ఉంది. దాన్ని దింపి సెల్లులు వేసింది. చెల్లెళ్లు పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్టు ఒకటి తీసి, కరెంటు పోయినప్పుడు మొగుడి తల దగ్గర పెట్టి, పాటల మీదే గురక ఎక్కించింది. మరునాడు నిరంజన్ మిషను పెట్టుకుని నిద్రపోగానే, వెనక వసారాలో కరియ ముందు ఆ క్యాసెట్టు వేసింది.

కరియ టేపురికార్డరు చుట్టూ తిరిగింది. వాసన చూసింది. దాని పక్కన ఒరిగి, మూతి దానికి ఆనించి కళ్లు మూసుకుంది. మధ్యలో ఎక్కడైనా గురక ఆగినప్పుడు మాత్రం లేచి, ముక్కుతో టేపురికార్డరును పొడిచేది. కాసేపటికి గురక దానంతటదే వచ్చేది. తన వల్లే వచ్చిందన్నట్టు కరియ మళ్లీ పడుకునేది.

"సెల్లులు తింటదేమో చూడు" అన్నది జోగులమ్మ.

"తినదత్తా. దానికి ఆ చప్పుడు కావాలె, గంతే."

వాడ చల్లబడింది. గురక అయిపోయి క్యాసెట్టులో మిగిలిన బతుకమ్మ పాట మొదలుకాగానే జోగులమ్మ పరుగున పోయి వెనక్కి తిప్పేది. పాట వింటే కరియ ఒప్పుకునేది కాదు. ఆమెకు అదొక ఉద్యోగమైంది. కొడుకును తొడుగు లేపి చూడడం, కుక్కకు క్యాసెట్టు తిప్పడం, మధ్యలో పొయ్యి చూసుకోవడం. ఇంత సాఫీగా నడుస్తోందంటే ఏదో పెద్దదే రాబోతోందని ఆమెకు గట్టిగా అనిపించింది.

వచ్చింది కురుమూర్తి. ఎండ నడినెత్తికి ఎక్కే వేళ, చెమట తుడుచుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాడు. భారీ మనిషి. మెడ ఎక్కడ అయిపోతుందో, గడ్డం ఎక్కడ మొదలవుతుందో చెప్పలేము. ఇంట్లో నుంచి గురక గేటు దాకా వినిపిస్తోంది.

"ఓహో" అన్నాడు ఆయన.

జోగులమ్మ చేతిలో గరిటె కింద పడింది. "సారూ, అది మా వాంది కాదు."

"మరి ఎవలది?"

"కుక్కది."

"కుక్క గురక పెడుతుందా?"

"పెట్టదు సారూ. వింటది."

కురుమూర్తి ఆమెను కాసేపు చూశాడు. ఆ చూపుకు తట్టుకోలేక ఆమె వెనక్కి ఉరికి టేపురికార్డరు ఆపేసింది. గురక ఆగింది. కరియ లేచి, నడిచి వచ్చి, కురుమూర్తి కాళ్ల ముందు వీధి గడప మీద కూర్చుని ఏడ్చింది. ఎదురింటి తలుపు దడాలున తెరుచుకుంది.

"జోగులక్కా, గురకెందుకు ఆపినవ్? మా మామ మళ్ల లేచి కూసున్నడు."

గోడ మీదుగా లలితమ్మ గొంతు. "గురక వెయ్యి తల్లీ, నా బిడ్డ ఇప్పుడే కండ్లు మూసింది."

కురుమూర్తి ఆ ఇద్దరినీ చూసి జోగులమ్మ వైపు తిరిగాడు. "అయితె మీ ఇంట్ల గురకను వేసుడు, తీసుడు ఉన్నదన్నట్టు. నేనొస్తె తీస్తరు, పోతె వేస్తరు. వాడ వాడంత ఒక్కటైనరు."

ఇంతలో కరెంటు పోయింది.

ఆయన లోపలికి పోయి గది తలుపు తోశాడు. నిరంజన్ తొడుగు పక్కన పడి ఉంది. నిరంజన్ నోరు తెరిచి గురక పెడుతున్నాడు. అతని ముక్కు పచ్చగా ఉంది. కురుమూర్తి భుజం పట్టి లేపాడు.

"లే నాయనా. చూసిన, విన్న. ఇంక బకీటే నీది."

నిరంజన్ మంచం మీద కూర్చుని నేలకేసి చూశాడు. కొడుకు ముసలివాడై, నడుము వంగి, చలిలో బస్సు చక్రాలు కడుగుతున్నట్టు జోగులమ్మకు అక్కడికక్కడే కనిపించింది.

"సారూ, మీ కాల్మొక్కుత. కరెంటు వచ్చేదాక జర కూసోండ్రి. మిషను నడిస్తె చప్పుడుండదు. ఒక్కపారి చూసి పోండ్రి."

ఎండ బయట మండిపోతోంది. కురుమూర్తి కూర్చోవడానికి ఒప్పుకున్నాడు. ముందు వసారాలో కుర్చీ వేశారు. సింధూజ చెంబుడు మజ్జిగ ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, స్టీరింగు ముందు నిద్ర ఎంత ప్రమాదమో నిరంజన్‌కు చెప్పడం మొదలుపెట్టాడు. కంటికి రెప్ప ఎట్లా శత్రువు అవుతుందో చెబుతూ, ఆ మాట మధ్యలోనే ఆయన రెప్పలు వాలిపోయాయి.

మొదటి గురకకు గోడ మీది కాకి లేచిపోయింది. రెండో గురకకు కరియ ఏడుపు ఆపింది. నిరంజన్ గురక దీని ముందు పసిపిల్లది. కరియ చెవులు నిక్కబొడుచుకుని వచ్చి, ఆయన మొహాన్ని చాలాసేపు చూసి, కుర్చీ కింద దూరి హాయిగా పడుకుంది. సింధూజ ఏమనుకుందో ఏమో, లోపలికి పోయి టేపురికార్డరు తెచ్చి కుర్చీ పక్కన పెట్టి ఎర్ర మీట నొక్కింది.

ఉన్నట్టుండి గురక ఆగింది. కురుమూర్తి రొమ్ము లేవడం లేదు, దిగడం లేదు. గోడ దగ్గర లలితమ్మ, గేటు దగ్గర బాలమణి, గడపలో నిరంజన్ అందరూ చూస్తున్నారు. జోగులమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. డిపో పెద్దమనిషి తన ఇంట్లో, తన కుర్చీలో, తన మజ్జిగ తాగి పోయాడు. ఇక కొడుక్కు బకీటు కూడా దక్కదు.

అందరికంటే ముందు కదిలింది కరియ. కుర్చీ కింద నుంచి వచ్చి, ముందుకాళ్లు రెండూ ఆయన రొమ్ము మీద వేసి, మొహం అంతా ఒక్క నాకు నాకింది. కురుమూర్తి ఎగిరిపడి, గుడగుడమని ఊపిరి పీల్చుకుని, కుక్కను తోసి, మళ్లీ ఒరిగి నిద్రపోయాడు. మళ్లీ గురక. మళ్లీ ఆగింది. మళ్లీ కరియ లేచింది. ఈసారి ఆయన నిద్రమబ్బులోనే దాన్ని తిట్టాడు.

జోగులమ్మ చూస్తూ నిలబడిపోయింది. కొడుకు మంచం మీదికెక్కి కరియ చేస్తూ వచ్చిందీ ఇదే పని. ఇన్నేళ్లూ వాడికి మిషను లేదని అనుకున్నారు, అంతే.

చివరికి కురుమూర్తి పూర్తిగా మేలుకున్నాడు. ఒక్క నిమిషం కన్ను మూసినట్టు అనుకున్నాడు. సింధూజ క్యాసెట్టు వెనక్కి తిప్పి, టేపురికార్డరు ఆయన ముందు పెట్టింది.

"సారూ, ఈ గురక జర విని చెప్పుండ్రి. గిట్లాంటి మనిషికి స్టీరింగు ఇయ్యొచ్చా?"

ఆయన తల వంచి, పరీక్ష పేపరు దిద్దుతున్న పంతులు లాగా విన్నాడు. "ఇదో, ఆగింది. ఇంక రాలే. ఇంక రాలే. ఇదో, ఇప్పుడొచ్చింది." తల అడ్డంగా ఊపాడు. "వద్దమ్మా. ఇది మస్తు ముదిరింది. గీ మనిషికి యాభైమంది పానాలు అప్పజెప్తె పాపం తగుల్తది. స్టీరింగు కాదు, సైకిలు గూడ ఇయ్యొద్దు."

"ఇంకొంచెం వినుండ్రి."

క్యాసెట్టు ఇంకొంచెం తిరిగింది. అందులో నుంచి ఒక గొంతు గట్టిగా వినబడింది. "ఛీ ఛీ, మూతి నాకుతుందేంది. ఎవలదీ కుక్క?"

డిపోలో ప్రతి డ్రైవరుకూ పాఠం చెప్పిన గొంతు అది. ఎవరిదని ఎవరూ అడగలేదు. సింధూజ మీట నొక్కి ఆపింది. బాలమణి గేటు దగ్గర నుంచి ఇంటికి పోలేక, ఉండలేక నిలబడింది. కురుమూర్తి తన చేతులు చూసుకుంటూ అన్నాడు.

"బస్సుల కూసుంటె సాలు, నాకు నిద్రొస్తది. వయసనుకున్న. నా పెండ్లాం గూడ వయసే అన్నది."

"పెండ్లాం పిల్లలున్నరా సారూ?" జోగులమ్మ అడిగింది.

"ఉన్నరమ్మా."

"అయితె ఇయాల పండుకోకుండ్రి."

కరెంటు వచ్చింది. నిరంజన్ లేచి లోపలికి పోయి తొడుగు పెట్టుకుని పడుకున్నాడు. రాత్రంతా పనిచేసిన మనిషి, భయంలోనూ నిద్రపోయాడు. కురుమూర్తి గది గడప దగ్గర నిలబడి చెవి పెట్టి విన్నాడు. మిషను బుస తప్ప ఏమీ లేదు. కరియ ఏడ్వలేదు. అది ఆయన కుర్చీ కింద నుంచి కదలలేదు.

"రేపు పొద్దుగాల ఖాకీ బట్టలేసుకోని డిపోకు రమ్మని చెప్పు" అన్నాడు సింధూజతో. గేటు దాకా పోయి, ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "ఆ కర్నూలు డాక్టరు ఏ సందుల ఉంటడన్నరు?"

ఆయన వెంట కరియ కూడా పోయింది. జోగులమ్మ పిలిచినా వెనక్కి చూడలేదు. డిపో దాకా పోయి, ఆయన ఆఫీసులోకి పోతే, అది వెనకవైపు రెస్టు రూములోకి పోయింది. రాత్రి బండ్లు నడిపి వచ్చిన డ్రైవర్లు అక్కడ పగలంతా పడుకుంటారు. రకరకాల గురకలు. కరియ అక్కడే ఉండిపోయింది.

నిరంజన్ ఇప్పుడు రాయచూరు బండి నడుపుతున్నాడు. పోతూ పోతూ తల్లి కట్టిచ్చిన రొట్టె కుక్కకు వేసి పోతాడు. వెంకట్రాములు ఆయాసం అట్లాగే ఉంది. కుక్క ఏడుపు ఎందుకు ఆపిందో, మరి అది ఏడ్చింది ఎవరికోసమో ఎవరూ తేల్చి చెప్పడం లేదని ఆయనకు కోపం. జోగులమ్మ ఇంకా రెండు వేళ్లతో తొడుగు లేపి చూస్తూనే ఉంది.

కురుమూర్తి కర్నూలు పోయి తనకూ ఒక మిషను తెచ్చుకున్నాడు. కరియ ఏ డ్రైవరు మంచం కింద పడుకుని, ఎవరి రొమ్ము మీద కాళ్లు పెడుతుందో కనిపెట్టి, వాళ్లను కూడా స్టీరింగు నుంచి దించి కర్నూలు పంపుతున్నాడు. అందుకని ఇప్పుడు రెస్టు రూములో ఎవరైనా సరే, చెప్పులు విడవకముందే మంచం కిందికి వంగి చూసుకుంటారు.